సోదాకు ముందు జేబులు

"ఒక్క ఫోన్ కొట్టానంటే రేపీపాటికి నువ్వీ ఊళ్లో ఉండవు!"

గుమ్మంలో అవినీతి నిరోధక సంస్థ అధికారిణిని చూసి పెద్ద ఇంజినీరు ఇంతెత్తున ఎగిరాడు.

సోదాకొచ్చినవాళ్లు ముందు తమ జేబులూ సంచులూ ఇంటాయనకు చూపించాలి. వాళ్లే ఏదో తెచ్చిపెట్టి ఇరికించారన్న మాట రేపు రాకూడదుగా. ఆమె తన సంచి బల్లమీద బోర్లించింది. దువ్వెన, తలనొప్పి మాత్రలు, మడతపెట్టిన కాగితం.

ఇంజినీరు ఆ కాగితం విప్పి చదివాడు. ఆమె బదిలీ ఉత్తర్వు! ఆయన మొహం చాటంతయింది.

"మీకా శ్రమ లేకుండా మీవాళ్లెవరో పొద్దున్నే ఫోన్ కొట్టేశారు సార్," అందామె. "కానీ తేదీ సరిగ్గా చూడండి. అది రేపట్నుంచి. ఇవాళ సాయంత్రం దాకా ఈ అధికారం నాదే. బీరువా తాళాలివ్వండి."