దించకూడని వేలు

పడవ మా బడి తొమ్మిదో తరగతి గదిలో ఉంది, బెంచీల మధ్య, తెరచాప ఎత్తి ఉంది, కిటికీల్లోంచి గాలి వస్తుంటే నెమ్మదిగా కదులుతోంది, నేల మీదికి నీళ్ళు ఎప్పుడొచ్చాయో తెలియదు గానీ చీలమండల దాకా ఉన్నాయి, నల్లబల్ల దగ్గర మా నూకన్న పెదనాన్న, మొన్న మాఘంలో ఉప్పుటేట్లో మునిగి చనిపోయిన పెదనాన్న, తడి లుంగీతో నిలబడి సుద్దముక్కతో పడవ బొమ్మ గీస్తున్నాడు.

"కూకో," అంటాడు, నావైపు తిరక్కుండానే. "మనిసి నీళ్ళల్లో పడితే ముందు ఏటి సెయ్యాల?"

"మనిషి పడ్డాడని అరవాలి. తేలే రింగు విసరాలి."

"తరవాత?"

తరవాతిది నా పని. పెదనాన్న దగ్గర పడవ నడపడం నేర్చుకునే మా నలుగురిలో చుక్కాని ఒకరిది, తెరచాప ఇద్దరిది, వేలు నాది. పడ్డ మనిషి వైపు వేలు చాపి, పడవ ఎటు తిరిగినా ఆ వేలు మనిషి మీదే ఉంచి, కళ్ళు తిప్పకుండా చూస్తూ ఉండాలి, ఎందుకంటే అలల్లో మనిషి తల కొబ్బరికాయంత కూడా కనపడదు, ఒక్కసారి చూపు తప్పితే మళ్ళీ దొరకదు.

"మూగదానివా? నోరు మీయమ్మ కడుపులోనే మర్సిపోయొచ్చినావా?"

"వేలు చూపించాలి."

"సూపించినావా?"

బెంచీలు లేవు. గోడలు పల్చబడి ఉప్పుటేరైపోతున్నాయి, నేను పడవలో ఉన్నాను, ఆయన నీళ్ళలో ఉన్నాడు, ఆ రోజులాగే పాఠం కోసం తనంతట తనే దూకి, నీళ్ళల్లో పుట్టినోడికి తేలే సొక్కా ఎందుకని అది వేసుకోకుండా.

"చూపించాను పెదనాన్నా. నువ్వు మునిగేదాకా చూస్తూనే ఉన్నాను."

ఈ మాటే అందరికీ చెప్పాను, పెద్దమ్మకి, పోలీసులకి, నా డైరీకి కూడా.

"అబద్దం. ఆకరికి నాకు కనపడింది నీ పాపిడి. తల దించుకున్నావు. మళ్ళీ ఎత్తి నువ్వు ఏలు సాపిన కాడ నాను లేను. నీ ఏలునే నమ్మి ఆ పిల్లలు పడవ అటు తిప్పీసినారు."

ఒళ్ళు మండిపోతుంది నాకు. బతికున్నప్పుడు ఆయన ముందు రెండు మాటలు వరసగా అనలేని నేను అంటున్నాను, "నువ్వే కదా అరిచావు. ఏలు తిన్నగా ఎట్టవే ఎర్రిదానా అని నీళ్ళలోంచి తిట్టావు. తిడితే తల దించుకోవడమే నాకొచ్చు. అక్క పెళ్ళిలో పెళ్ళికొడుకు తాతకి వేలు చూపించానని అందరి ముందూ చెంప మీద కొట్టిందెవరు? కళ్ళు దించవే అన్నదెవరు?"

"నానే," అంటాడు, ఏ మాత్రం తగ్గకుండా. "అయితే నా సావు నా నెత్తినే ఎట్టెస్తావా?"

"సగం."

నవ్వుతాడు, మంచి నవ్వు కాదు, పళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారతాయి. "మిగతా సగం ఎవలికి సెప్పినావు?"

అల వచ్చి ఆయన్ని దూరం జరుపుతుంది, ఇంకో అల ఇంకా దూరం, నేను వేలు చాపుతాను, "దించవే ఆ ఏలు, పెదనాన్నకే సూపిస్తావా, సిగ్గు నేదా, కళ్ళు దించు," అని అరుస్తూనే ఉంటాడు, ప్రతి తిట్టుకీ నా మెడ వంగబోతుంది, వంగనివ్వను, భుజం లాగుతుంది, దించను, అరుపు సన్నబడుతుంది, తల చిన్నదవుతుంది, ఇంకా చిన్నదవుతుంది, అయినా అక్కడే ఉంది, నా వేలి చివరనే ఉంది.

"ఎవలికే ఆ ఏలు?" ఈసారి ఆడగొంతు.

తెల్లారింది. చాప మీదే ఉన్నాను. కుడి చెయ్యి తిమ్మిరెక్కి గుమ్మం వైపు చాపి ఉంది, చూపుడు వేలు పుల్లలా బిగుసుకుపోయింది. దాని చివర మా పెద్దమ్మ, పెదనాన్న భార్య, చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"నాకేటే సూపిస్తన్నావు? దించు."

అలవాటు కొద్దీ దించబోయాను. మళ్ళీ ఆగి, ఆవిడ కళ్ళల్లోకి చూస్తూ లేచి కూర్చున్నాను.

"పెద్దమ్మా, పెదనాన్న మునిగినప్పుడు నేను చూడలేదు."

ఆవిడ చీపురు గోడకి చేరేసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు.