లూసెర్న్‌లో ఫోటో తీసిందెవరు

కూతురు స్విట్జర్లాండ్ వెళ్ళిన దగ్గరనుంచీ నవోమికి తెల్లవారడమంటే ఫోన్ తెరవడమే. ఆమె అమెరికాలో, రెడ్‌మండ్‌లోని కూతురింట్లో నిద్రలేచేసరికి అక్కడ లూసెర్న్‌లో సాయంత్రం అవుతూ ఉంటుంది. ప్రిస్సిల్లా ఆ రోజు చూసినవన్నీ ఫోటోలై వచ్చి పడి ఉంటాయి. నవోమి మంచం మీదే కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ముందు పిల్ల కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసుకుంటుంది. ఊరి సంగతి ఆ తర్వాత.

ఊరు బాగుంటుంది, కాదనలేం. ఎంత చూసినా తరగని సరస్సు. అందులోంచి ఊళ్ళోకి జారే నది. ఆ నది మీద, ఇంటికి వేసినట్టు పెంకుల కప్పు వేసిన చెక్క వంతెన, దాని పొడుగునా ఎర్రటి పూలు, పక్కనే నీళ్ళలోంచి లేచిన రాతి బురుజు. అదంతా చూసి నవోమి పంపిన మొదటి మాట: "చెక్క తడిస్తే జారుద్ది. ఆ చెప్పులు మార్చుకో."

"వందల ఏళ్ళ నాటి వంతెనమ్మా, ఎవరూ జారలేదు," అని ప్రిస్సిల్లా నవ్వుతూ వాయిస్ పెట్టింది. "ముప్ఫై ఏళ్ళ కిందట చాలావరకు కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారట."

కాలిపోయిన ముక్క చెప్పకపోయినా బాగుండేది. ఆ రోజంతా నవోమికి మంటలే కళ్ళముందు.

మర్నాడు ఇంకో వంతెన. దాని కప్పు కింద వరసగా బొమ్మలు, ప్రతి బొమ్మలోనూ ఒక అస్థిపంజరం. ఒకచోట పెళ్ళికూతురి పక్కన నిలబడి ఉంది. రోజూ జనం నడిచే దారిలో ఇలాంటివి ఎవరు గీయిస్తారు? ఆ మర్నాడు కొండరాతిలో చెక్కిన సింహం, ఒంట్లో విరిగిన ఈటెతో చచ్చిపోతూ. ఎప్పుడో ఫ్రాన్సు రాజు కొలువులో చనిపోయిన స్విస్ సైనికుల కోసం చెక్కారట. సింహం మొహం చూస్తే నవోమికి ఏడుపొచ్చింది. దాని ముందు నిలబడి నవ్వుతున్న ప్రిస్సిల్లాకు మాత్రం నుదుటి పైభాగం లేదు. ఫోటో తీసినవాళ్ళు కోసేశారు.

"స్మృతికి చెప్పవే, కాస్త తలకాయ కూడా తియ్యమని," అంది నవోమి.

ప్రిస్సిల్లా "సరేలే," అని మాట మార్చేసింది. ఊరి పాత కోటగోడ మీద ఒక గడియారం ఉందట, మిగతా గడియారాల కంటే నిమిషం ముందే గంట కొడుతుందట. "నీలాగేనమ్మా. ఏదీ జరక్కముందే మోగుద్ది."

స్మృతి అంటే ప్రిస్సిల్లాతో పనిచేసే వరంగల్ పిల్ల. రెడ్‌మండ్‌లో ప్రిస్సిల్లా ఉండే కాంప్లెక్సులోనే వెనక బిల్డింగులో ఉంటుంది. ఇద్దరూ కలిసి ఈ ప్రయాణం ఎప్పుడో బుక్ చేసుకున్నారు. తర్వాత నవోమి నరసాపురం నుంచి వచ్చింది. తను కూడా వెళ్దామంటే అక్కడికి మళ్ళీ వేరే వీసా కావాలన్నారు. పోనీలే, ఇద్దరు ఆడపిల్లలు ఒకరికొకరు ఉంటారని ఒప్పుకుంది. వెళ్ళేముందు గుమ్మంలో ప్రార్థన చేసి, మళ్ళీ మళ్ళీ చెప్పింది: "స్మృతి చెయ్యి వదలకు. తెలియనోళ్ళతో మాటలు పెట్టుకోకు."

తెల్లారి నడకకు వెళ్ళిన భర్త దైవాశీర్వాదం ఇంటికి తిరిగి రాలేదు. మూడేళ్ళయింది. అప్పటినుంచీ ఎవరు గుమ్మం దాటినా నవోమి గుండె వాళ్ళ వెనకే వెళ్ళిపోతుంది.

ఆ అపార్ట్‌మెంటులో పగలు గడవడం కష్టంగా ఉండేది. తలుపు దానంతటదే తాళం పడిపోతుంది, కాబట్టి బయటికి వెళ్ళదు. తాలింపు వేస్తే పొగ అలారం కొడుతుంది, కాబట్టి తాలింపు మానేసింది. చప్పిడి పప్పు తింటూ కిటికీలోంచి పార్కింగు చూస్తుంది. కార్లు వెళ్తాయి, కార్లు వస్తాయి. మనిషి గొంతు వినబడదు. చెత్తబుట్ట వాసన కొడుతున్నా ఆగి ఆగి, ఐదోరోజు పొద్దున్న ఇక తప్పక, తాళంచెవి కొంగుకు ముడేసుకుని సంచి పట్టుకుని కిందికి దిగింది.

వెనక గేటు దగ్గర చెత్తడబ్బాలో సంచి వేస్తుండగా ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన పిల్ల నవోమిని చూసి, గబుక్కున మళ్ళీ కార్లో కూర్చోబోయింది.

"స్మృతీ?"

పిల్ల దిగింది. చేతిలో కాఫీ కప్పు.

"నమస్తే ఆంటీ."

"నువ్విక్కడున్నావేంటమ్మా?"

"అయ్యో ఆంటీ..." స్మృతి కారు డోరుకు ఆనుకుని నిలబడింది. "నాలుగు రోజుల సంది మీకు కనపడొద్దని వెనక గేటు నుంచి తిరుగుతున్న. ప్రిస్సీ ఒట్టు పెట్టించుకుంది. నా వీసా రెన్యూవల్ పెండింగ్‌ల ఉంది ఆంటీ. ఇప్పుడు ట్రావెల్ చేస్తే వాపస్ రానిస్తరో లేదో తెల్వదని లాయర్ అన్నడు. ఆఖరు రోజు క్యాన్సిల్ చేసుకున్న."

"మరి దానితో ఎవరున్నారు?"

"ఎవరు లేరు ఆంటీ. ఒక్కతే పోయింది."

నవోమి మెట్లెక్కి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. సోఫాలో కూలబడి ఫోన్ తీసింది. ఒక్కతే పోతే ఈ ఫోటోలు ఎవరు తీశారు? చెయ్యి చాచి తనే తీసుకున్నవి కావు. దూరం నుంచి ఎవరో నిలబడి తీసినవి. చెక్క వంతెన ఫోటో ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు గుమ్మటాల తెల్ల చర్చి దగ్గర తీసినదాంట్లో మూలన ఏదో అడ్డం పడింది. పెద్దది చేసి చూసింది. బొటనవేలు. లావుపాటి మగవాడి బొటనవేలు.

వాడెవడు? ఎన్నాళ్ళుగా? ముప్ఫై రెండేళ్ళొచ్చినా వచ్చిన సంబంధమల్లా వద్దంటుంటే పని ధ్యాస అనుకుంది. పెళ్ళాం ఉన్నవాడేమో. డబ్బు గుంజేవాడేమో. ఆ నీళ్ళ ఒడ్డున ఒంటరిగా దొరికిన పిల్లను... అక్కడిదాకా వెళ్ళి ఆలోచన ఆపేసి, "ప్రభువా," అంటూ వీడియో కాల్ చేసింది.

మూడోసారికి ఎత్తింది. వెనక సాయంత్రపు ఎండ, సరస్సు, నీళ్ళ మీద హంసలు.

"స్మృతి కనబడింది," అంది నవోమి.

"అమ్మా, నిజం చెప్తే నువ్వు పంపేదానివా?"

"ఎవడే వాడు?"

"ఎవడు?"

"వేలు కనబడుతుందే ఫోటోలో! ఆ చర్చి దగ్గర. నాకు చదువు లేదు గానీ కళ్ళున్నాయి."

ప్రిస్సిల్లా పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తడబడింది. "ఆయన కొరియా నుంచి వచ్చిన తాతగారమ్మా. పెళ్ళాన్ని పక్కన నిలబెట్టి మరీ తీశాడు. నా తలకాయ కోసేసింది ఎవరో స్కూలుపిల్ల. ఎవరు ఖాళీగా కనబడితే వాళ్ళను అడుగుతున్నా. ఫోటో తీస్తారా అని."

"అబద్ధం. నీ పక్కన ఎవరున్నారో చూపించు."

"చూడు." ఫోన్ గిర్రున తిరిగింది. ఖాళీ బెంచీ. దాని మీద ప్రిస్సిల్లా బ్యాగు ఒక్కటే. అవతల తాపీగా నడిచిపోతున్న జనం, జంటలు జంటలుగా.

"ఎవరన్నా తోడు దొరికేదాకా ఆగితే నేనెక్కడికీ వెళ్ళనమ్మా," అంది ప్రిస్సిల్లా, మొహం కనబడకుండానే.

అయినా ఆ వేలు నవోమి మనసులోంచి పోలేదు. "అయితే ఇప్పుడు అడుగు. నా ముందు అడుగు, చూస్తా."

"నీకు పిచ్చి," అంటూనే ప్రిస్సిల్లా ఎవరినో పలకరించింది. ఫోన్ చేతులు మారింది. తెల్లజుట్టు ముసలావిడ మొహం ఒకసారి తెరనిండా వచ్చి పోయింది. తర్వాత సరస్సు నిలకడగా కనబడింది. ప్రిస్సిల్లా నడిచి వెళ్ళి కమ్మీలకు ఆనుకుని, ఫోటోకు నవ్వినట్టు నవ్వి నిలబడింది.

ఇన్నాళ్ళూ కాల్‌లో పిల్ల మొహమే దగ్గరగా చూసింది నవోమి. ఇప్పుడు మనిషంతా కనబడింది. అంత నీటి ముందు ఇంతే ఉంది. ముసలావిడ ఎక్కడ నొక్కాలో తెలియక వెతుక్కుంటోంది. ప్రిస్సిల్లా నవ్వు అలాగే పట్టుకుని కాసేపు ఆగింది. ఇక ఆగలేక దింపేసి, పక్కకు తిరిగి నీళ్ళకేసి చూసింది. ఆ చూపు నవోమికి బాగా తెలుసు. రెడ్‌మండ్ కిటికీ అద్దంలో తన మొహం మీద రోజూ కనబడేదే.

ఇప్పటిదాకా పక్కన ఎవడో ఉన్నాడని హడలిపోయింది. ఎవరూ లేకపోవడం ఇంత బరువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆ లావుపాటి వేలుగల తాతగారు ఇంకాసేపు ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

"మేడమ్," అంది నవోమి ఫోన్‌లోకి.

ముసలావిడ ఉలిక్కిపడింది. "ఓ! హలో!"

"ఐ మదర్. హర్ మదర్." తెలిసిన ఇంగ్లీషంతా కూడదీసుకుంది. "మై డాటర్ అలోన్. ప్లీజ్ మేడమ్, యూ సిట్. బెంచ్. లిటిల్ టైమ్."

"అమ్మా! ఏం చెప్తున్నావ్ ఆవిడకి?" ప్రిస్సిల్లా కంగారుగా పరిగెత్తుకొచ్చింది. "సారీ, సారీ, మై మామ్ ఈజ్..."

"నువ్వూరుకో," అంది నవోమి.

ముసలావిడ నవోమినీ, ప్రిస్సిల్లానూ మార్చి మార్చి చూసింది. తనలో తను ఏదో అనుకుని, బెంచీ మీద బ్యాగు పక్కకు జరిపి కూర్చుంది. ప్రిస్సిల్లా కూడా కూర్చోక తప్పలేదు. ముసలావిడ ఫోన్‌ను ముందుకు తిప్పి, అవతలి కొండ మీదికి వేలు చూపించి దాని పేరు చెప్పింది. నవోమికి అర్థం కాలేదు. "యెస్, యెస్, నైస్," అంది.

తెరలో కొండా, నీళ్ళూ మాత్రమే ఉన్నాయి. పిల్ల కనబడటం లేదు. ముసలావిడ ఏదో అడుగుతోంది, ప్రిస్సిల్లా నెమ్మదిగా బదులు చెబుతోంది. రెండు గొంతులు. నవోమి ఫోన్‌ను మెంతుల డబ్బాకు ఆనించి, కాల్ కట్ చేయకుండా, పొయ్యి మీద తాలింపుకు బాణలి పెట్టింది.