ఉత్త మనిషి గారు

మోటారు వైండింగ్ శ్రీనివాసులుకు కోపం రాని రోజు లేదు. ఆ గురువారం మాత్రం వచ్చింది కోపం కాదు, భయం లాంటిది.

ఆళ్లగడ్డలో అతనికి వైండింగ్ షాపు ఉంది. రాగి తీగ కోసం ప్రతి గురువారం నంద్యాల వస్తాడు. తీగ చుట్ట సంచిలో వేసుకుని, బస్టాండు ఎదురు సందులో ఉన్న దెబోరా నెట్ సెంటర్లో ఒక గంట కూర్చుంటాడు. నెట్లో ఆర్కుట్ అనే చోట మన ఊళ్ల రాజకీయం మాట్లాడుకునే గుంపు ఒకటి ఉందని ఆరు నెలల కింద ఎవరో చెబితే అలవాటైంది. అందులో అతని పేరు రేనాటి సింహం. ఎలక్షన్లు దగ్గరపడే కొద్దీ సింహానికి పని ఎక్కువైంది.

అయితే సింహానికి టైపు కొట్టడం రాదు. ఇంగ్లీషు అక్షరాలు మోటార్ల మీది రేకు పలకలు చూసి నేర్చుకున్నవే. ఆ అక్షరాల్లో తెలుగు కొట్టాలంటే ఒక్కో మాటకు ఒక్కో యుగం. అందుకని అతను నోటితో చెబుతాడు, సెంటరు నడిపే దెబోరా కొడుతుంది. ముప్పై ఏళ్ల మనిషి, పలుచని గొంతు, ముఖంలో ఏమీ కనిపించనివ్వదు. అతను బండబూతు చెప్పినా, పొగిడినా, ఆమె వేళ్లు ఒకటే వేగంతో నడుస్తాయి. జవాబులు కూడా ఆమే చదివి వినిపిస్తుంది, ఆకాశవాణిలో ధరవరలు చదివినట్టు.

ఆ గుంపులో అందరూ తిట్టేవాళ్లే. అది శ్రీనివాసులుకు ఇబ్బంది కాదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇబ్బంది ఒక్కడితోనే. వాడి పేరు ఉత్త మనిషి. వాడు తిట్టడు. సింహం గారూ అంటాడు. మీరు అంటాడు. దయచేసి ఆలోచించండి అంటాడు. ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య ఇంత మర్యాదగా మాట్లాడేవాడు ఎవడుంటాడని శ్రీనివాసులుకు మొదటి నుంచీ అనుమానమే. ఎవడో పార్టీ ఆఫీసులో జీతానికి కూర్చున్నవాడు అనుకున్నాడు కొన్నాళ్లు. బావమరిది అనుకున్నాడు కొన్నాళ్లు, వాడికి డిగ్రీ ఉంది కాబట్టి. రెండు వారాల కింద వాడు, "సింహం గారూ, ఎడమ చూపుడువేలికి దెబ్బ తగిలినట్టుంది, జాగ్రత్త" అని రాశాడు. శ్రీనివాసులు కట్టు కట్టిన వేలును జేబులో పెట్టుకుని సెంటరంతా కలియజూశాడు. ఎవరూ తనవైపు చూడటం లేదు. అదే ఎక్కువ అనుమానంగా తోచింది.

ఆ గురువారం దెబోరా చదివింది ఇది: "సింహం గారూ, ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రోజున మీ నాయన మిమ్మల్ని వైండింగ్ షాపులో దిగబెట్టి పోయినాడని మీకు బాధ. నిజమే. ఆ బాధను పేటల్లో ఓటు వేసేవాళ్ల మీద తీర్చుకుంటే ఎట్లా చెప్పండి?"

ఆమె చదవడం ఆపింది. "జవాబు చెప్తావా అన్నా?"

శ్రీనివాసులు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఊళ్లో అందరికీ అతను టెన్త్ ఫెయిల్. పెళ్లప్పుడు మామకూ అదే చెప్పాడు. భార్య సావిత్రమ్మకు కూడా అంతే తెలుసు. ఏడో తరగతి పరీక్ష రోజు సంగతి బతుకులో ఒక్కడికే చెప్పాడు. ఎప్పుడో అవుకు దగ్గర ఒక బోరు కాడ, వాన పడి పని ఆగిపోతే, మోటారు మీద కప్పిన పట్ట కిందే ఇద్దరూ నక్కి కూర్చుని ఉన్నప్పుడు, అబ్రహాముకు చెప్పాడు.

అబ్రహాము! ఇరవై ఏళ్లుగా తనతో బోర్లలో మోటార్లు దింపేవాడు, లేపేవాడు. నెట్ అంటే ఏందో వాడికి తెలుసా? సింహం తనే అని వాడికెవరు చెప్పారు? తెలిసింది దెబోరా ఒక్కదానికే. ఆమె కూడా రోజూ ఆళ్లగడ్డ నుంచే వచ్చి పోతుంది; ఆమెదీ అబ్రహాముదీ ఒకే పేట, ఒకే చర్చి.

"నీ రిజిస్టరు ఒకసారి ఇయ్యమ్మా" అన్నాడు.

"ఏంటికన్నా?"

"ఊరికే. నా సంతకం సరిగా చేసినానా లేదా అని."

నెట్ సెంటర్లో కూర్చునేవాళ్లు పేరు, ఊరు, వచ్చిన టైము, పోయిన టైము పుస్తకంలో రాయాలని పోలీసులు పెట్టిన రూలు అది. దెబోరా అతని ముఖం ఒక క్షణం చూసి పుస్తకం ముందుకు జరిపింది. శ్రీనివాసులు పేజీలు తిప్పాడు. బుధవారం, సాయంత్రం ఆరూ పది, ఎం. అబ్రహాము, ఆళ్లగడ్డ. ముందు బుధవారం కూడా. దానికి ముందుది కూడా. బుధవారం బుధవారం నంద్యాలలో ప్రార్థన ఉందని చెప్పి నాలుగ్గంటలకే మోటార్లు లేపే గొలుసు మడిచి వెళ్లిపోయేవాడు వాడు. ఉత్త మనిషి మాటలన్నీ వచ్చింది బుధవారాలే.

"నువ్వు చెప్పినావా వానికి?" అన్నాడు శ్రీనివాసులు, గొంతు తగ్గించి.

"నేను చెప్పలే. ఆయన అడగనూ లేదు."

"మల్ల ఎట్ల తెల్సు?"

"నన్నడిగితే ఎట్లన్నా? ఆయన్నడుగు."

తిరుగు బస్సులో శ్రీనివాసులుకు శిరివెళ్ల ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఇరవై ఏళ్లలో వాడు తన గురించి ఇంకేమేం మూటగట్టుకున్నాడో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. సావిత్రమ్మతో గొడవలు, రైతు మోటారులో పాత తీగ వేసిన రెండుసార్లు, తాగి ఏడ్చిన ఒకసారి. అన్నీ వాడి దగ్గరున్నాయి.

మరునాడు శిరివెళ్ల పొలంలో ఒక బోరు. మోటారు కాలిపోయింది, పైకి తీయాలి. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, దాని నెత్తిన గొలుసు కప్పీ తగిలించారు. గొలుసు దగ్గర ఎప్పుడూ అబ్రహామే. వాడు లాగితే బోరులోంచి పైపు ఒక్కో నిలువు, అంటే ఒక్కో ముక్క పొడవు, పైకి లేస్తుంది. లేచాక శ్రీనివాసులు బోరు మూతి దగ్గర గొంతుక్కూర్చుని, రెండు చేతులూ లోపలికి పెట్టి, పైపు జారకుండా పట్టి నిలిపే క్లాంపు బిగించాలి. ఆ కాసేపు మోటారు, పైపులు, కేబులు, మొత్తం బరువు గొలుసు పట్టిన చేతిలో ఉంటుంది. ఆ చెయ్యి జారితే కింద ఉన్న వేళ్లు ఉండవు.

మొదటి నిలువు లేచింది. శ్రీనివాసులు క్లాంపు పట్టుకుని కూర్చున్నాడు. చేతులు ముందుకు పోలేదు.

"ఏందన్నా, చెయ్యి పెట్టవేమి? బరువు మోస్తాండా ఈడ" అన్నాడు అబ్రహాము.

శ్రీనివాసులు తల ఎత్తకుండా అన్నాడు: "ఉత్త మనిషి గారూ, గొలుసు గట్టిగా పట్టుకున్నారా?"

కప్పీ చిన్నగా కిర్రుమంది. గట్టు మీద రైతు బీడీ ముట్టించుకుంటున్నాడు, వాడికేం అర్థం కాలేదు.

"పట్టుకున్నా" అన్నాడు అబ్రహాము. "ఇరవై ఏండ్ల నుంచి పట్టుకునే ఉండా. ముందు క్లాంపు బిగించు, తర్వాత మాట్లాడుదాం."

శ్రీనివాసులు కళ్లు మూసుకుని చేతులు పెట్టాడు. బిగించాడు. బరువు క్లాంపు మీదికి దిగాక అబ్రహాము గొలుసు వదిలి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"దొంగనాయాలా" అన్నాడు శ్రీనివాసులు లేచి. "ఎవురు చెప్పినారు నీకు అది నేనని?"

"నువ్వే చెప్పినావు. పేటను ఎవుడో తిడ్తాన్నాడని పిల్లోళ్లు చెప్తే పోయి చూసినా. నీ మాట వింటే నాకు తెలీదా? ఆ దెబోరమ్మ ఎవురికైనా చెప్పింది చెప్పినట్టు కొడ్తాది. చదువుతాంటే నువ్వు నా పక్కన నిలబడి అరుస్తాన్నట్టే ఉండాది. మూడో మాటకే కనుక్కున్నా."

"కనుక్కుంటే నా మొహాన అడగొచ్చు గదా! ముసుగేసుకుని గారూ, మీరూ అని ఆ నాటకాలేంది?"

"నా యాసలో రాస్తే నువ్వు గూడా కనుక్కుంటావని. ముసుగు మొదట ఏసుకునింది ఎవురన్నా?"

"ఏడో తరగతి సంగతి బజార్లో పెడతావా? అది నీకొక్కనికే చెప్పినా రా నేను."

"పెట్టినా. తప్పే. కావాలనే పెట్టినా, నీకు తగలాలని." అబ్రహాము గొంతు పెంచలేదు. "'పేట జనాలకేం, రాత్రికి క్వార్టరు సీసా, పొద్దున్నే బిర్యానీ పొట్లం, పాస్టరు యాడ గుద్దమంటే ఆడ గుద్దుతారు.' ఎవురు రాసింది ఇది?"

శ్రీనివాసులు నేల చూశాడు. "నిన్నన్నానా? జనరల్‌గా అన్నా."

"జనరల్‌లోనే గదన్నా నేనుండేది. మా నాయన తాగడు. ఓటు రోజు చలవ చేసిన పంచె కట్టుకుని, అందరికంటే ముందు పోయి నిలబడతాడు. ఆ ఇంట్లో నువ్వు ఎన్నిసార్లు అన్నం తినింటావు? తినేటప్పుడు అనుకుంటాంటివా, వీళ్లు పొట్లానికి ఓటేసేవాళ్లని?"

"ఎలక్షన్ మాటలప్పా అవి. ఆడ అందరూ అట్లనే మాట్లాడతారు."

"నాతో ఏపొద్దూ అట్ల మాట్లాడలే నువ్వు. అంటే మనసులో పెట్టుకుని మాట్లాడలేదన్న మాట. నా మొహాన ఒక్కసారి అనింటే నేను నాలుగు తిట్టి, సాయంత్రం నీతోనే టీ తాగేవాన్ని."

రైతు గట్టు మీద నుంచి కేకేశాడు. "ఏందప్పా, మోటారు లేపుతారా, పంచాయితీ చేస్తారా?"

మిగతా నిలువులన్నీ లేపారు. పట్టు, వదులు అనే మాటలు తప్ప ఇంకో మాట లేదు. మోటారు బయట పడ్డాక అబ్రహాము గొలుసు మడిచి భుజాన వేసుకున్నాడు. అది వాడి సొంత గొలుసు.

"రేపట్నుంచి రాను. ఆడ అన్న మాట ఆడనే చెప్పు, తప్పయిందని. సింహం పేరుతో కాదు. శ్రీనివాసులు, మోటారు వైండింగ్, ఆళ్లగడ్డ అని పెట్టి చెప్పు. అప్పుడు ఆలోచిస్తా."

"చెప్పకపోతే?"

"ఇంకో చెయ్యి చూసుకో."

శ్రీనివాసులు చూసుకున్నాడు. ఆ వారం ఇద్దరిని మార్చాడు. ఒకడు గొలుసు పట్టుకుని సెల్‌ఫోన్లో మాట్లాడాడు. ఇంకొకడు మంచివాడే, బలంగా ఉన్నాడు, కానీ బోరు మూతిలో చేతులు పెట్టిన ప్రతిసారీ శ్రీనివాసులు తల పైకెత్తి వాడి ముఖం చూశాడు. రెండుసార్లు చేతులు వెనక్కి లాక్కున్నాడు. "భయమైతే ఇంటికాడ ఉండప్పా, అక్కను పంపించు" అని వాడు నవ్వాడు. ఇరవై ఏళ్లలో అబ్రహాము ముఖం కేసి పని మధ్యలో తను ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది.

గురువారం నంద్యాలలో తీగ కూడా కొనకుండా సెంటరుకు వెళ్లాడు. "రాయమ్మా" అన్నాడు కుర్చీ లాక్కుని. "నా పేరు శ్రీనివాసులు, మోటారు వైండింగ్, ఆళ్లగడ్డ. సింహం అని రాసింది నేనే."

దెబోరా కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏందమ్మా?"

"ఇది నువ్వే కొట్టుకో అన్నా."

"నాకు వస్తాదా?"

"మా పేట గురించి నువ్వు చెప్పినప్పుడు నేను కొట్టినా. ఒక్క ముక్క మార్చలే. అది నా పని. దీనికి గూడా నేనే కొడితే బాగుండదు."

ఆమె ముఖంలో ఎప్పటిలాగే ఏమీ లేదు. ఏమీ లేని ఆ ముఖం పక్కన కూర్చుని ఆరు నెలలు తను ఏమేం చెప్పాడో శ్రీనివాసులుకు వరసగా గుర్తొచ్చింది. ఆమె నాయన కూడా ఆ పేటలోనే ఓటు వేస్తాడు.

ఒక వేలితో కొట్టాడు. గంట దాటింది. నాలుగు వరసలు వచ్చాయి: నేను శ్రీనివాసులు. సింహం నేనే. పేటల ఓట్ల గురించి నేను రాసింది తప్పు. నాకు తెలిసిన మనుషులు అట్లాంటోళ్లు కాదు, తెలిసి గూడా రాసినా.

పది నిమిషాల్లో జవాబులు మొదలైనాయి. దెబోరా చదివింది. ఎంతకు అమ్ముడుపోయావురా అని ఒకడు. అవతలి పార్టీవాళ్లు సింహం అన్న పేరు చెడగొట్టడానికి రాయించారు, నమ్మొద్దు అని ఇంకొకడు. అసలు శ్రీనివాసులు అనేవాడే లేడు, ఉంటే రుజువు చూపించమని మూడోవాడు. ఆరు నెలలు దొంగపేరుతో వాగితే ఒక్కడూ అనుమానపడలేదు. సొంత పేరు పెట్టుకున్న రోజు మనిషే లేడన్నారు.

తరువాతి బుధవారం సాయంత్రం దాకా అది అట్లాగే సాగింది. ఆ రాత్రి అందులో ఒక కొత్త పేరు చేరిందని గురువారం దెబోరా చూపించింది. "ఈ శ్రీనివాసులు ఉన్నాడు. నాకు తెలుసు. రాసింది ఆయనే, సింహం కూడా ఆయనే. ఇట్లు, అబ్రహాము, ఆళ్లగడ్డ." దాని కింద ఇద్దరినీ కలిపి తిట్టినవి పదకొండు.

శుక్రవారం పొద్దున షాపు తెరిచేసరికి అబ్రహాము మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, గొలుసు పక్కన పెట్టుకుని. శ్రీనివాసులుకు గుండెల్లో బరువు దిగినట్టయింది. "ఎప్పుడొచ్చినావప్పా? టీ తాగుదాం రా."

"ఇప్పుడే తాగి వచ్చినానండీ" అన్నాడు అబ్రహాము, లేచి నిలబడి. "మహానంది దగ్గర బోరు ఉందన్నారు కదా. మీరు ఎప్పుడంటే అప్పుడు బయలుదేరుదాం."

శ్రీనివాసులు వాడి ముఖం వెతికాడు. ఎగతాళి అయితే తను కూడా నవ్వేవాడు. నవ్వు ఎక్కడా లేదు.

"ఏందప్పా ఆ మాటలు? చెప్పినా గదా ఆడ, పేరు పెట్టి!"

"చెప్పినారు. అందుకే వచ్చినాను."

బోరు దగ్గర అబ్రహాము గొలుసు లాగాడు. ఎప్పటిలాగే ఒక్క అంగుళం కూడా ఊగకుండా నిలువు లేచి ఆగింది. "పట్టుకున్నానండీ" అన్నాడు పైనుంచి. "మీరు చెయ్యి పెట్టండి."

శ్రీనివాసులు చేతులు పెట్టాడు. తల ఎత్తి వాడి ముఖం చూశాడు.