పాముచెవి బైపాసు

పొద్దున్నే పాటల టీచరమ్మ వచ్చి తన రెండు స్పీకరు పెట్టెల్నీ కొట్లో దింపించి వెళ్ళినప్పటినుంచి పాముచెవికి కాలు ఒకచోట నిలవడం లేదు. టీ పోసుకున్నాడు, తాగలేదు. స్క్రూలు విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు.

అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. అందరికీ పాముచెవే. పక్కగదిలో సూది పడితే ఏ సైజు సూదో చెప్పేస్తాడని చెప్పుకునేవాళ్ళు. అతను మాత్రం తక్కువ తిన్నాడా, కొట్టు బోర్డు మీద 'పాత స్పీకర్లు చెవితో విని బాగుచేయబడును' అని రాయించాడు. కొలతలు తీసే మీటరు ఒకటి డ్రాయరు అడుగున పడి ఉంటుంది. పదిమంది ముందు దాన్ని బయటికి తీయడమంటే నామోషీ.

అలాంటి మనిషితో టీచరమ్మ అన్న మాటలివి.

"మాస్టారూ, మీరు బాగుచేశాక ఇవి కీచుమంటున్నాయి. పాటలో 'స' వచ్చిన చోటల్లా పాము బుసకొట్టినట్టుంది. పిల్లలు చెవులు మూసుకుంటున్నారు. సాయంత్రం వస్తాను. మీ వల్ల కాదంటే చెప్పండి, ఇంకోచోట చూపించుకుంటాను."

మీ వల్ల కాదంటే. ఆ మాటకి ముందు ఒళ్ళు మండింది, తర్వాత గుండె జారింది. జనం తన కొట్టుకొచ్చేది తన చెవిని నమ్మి. ఆ నమ్మకం పోతే బోర్డు పీకి అటక మీద పడేసుకోవడమే.

ఇంతకీ అతను చేసింది కొత్త పనేం కాదు. ఆ కాలపు పెట్టెలకి వెనక చిన్న రేకు, ఆ రేకు మీద తిప్పే మీటలు ఉంటాయి. మధ్య గొంతుకొకటి, సన్న గొంతుకొకటి. ఎవరి గదికి, ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ళు హెచ్చుతగ్గులు చేసుకోవచ్చు. ఏళ్ళు గడిచేసరికి మీట లోపల తుప్పుపట్టి, ముట్టుకుంటే గరగరమంటుంది, ఒక్కోసారి సన్న గొంతు మొత్తం మూగబోతుంది. అప్పుడు మెకానిక్కులు ఆ మీటని పీకేసి బైపాస్ చేస్తారు. మంచి మీట ఒకటి తాత్కాలికంగా కలిపి, ఎక్కడ ఆపితే పాట కుదిరిందో విని, సరిగ్గా అంత అడ్డుపడే రెసిస్టరు ముక్క లోపల టంకం వేసేస్తారు. ఇంక తిప్పే పనీ లేదు, తుప్పు గొడవా లేదు.

పాముచెవి కూడా అలాగే విన్నాడు. సన్న గొంతు పలికే చిన్న స్పీకరుని ట్వీటరు అంటారు, దాని మీటని చివరిదాకా తిప్పినా అతనికి చప్పగానే అనిపించింది. రెసిస్టరు కూడా దండగనుకుని నేరుగా తీగ కలిపేశాడు. రేకు మీద, మీట పక్కన, ఎవరో గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి ఉంటే చూసి, "బొట్టు పెడితే పాటొస్తుందా ఏంటి" అని నవ్వాడు కూడా.

ఇప్పుడదే పాట పెట్టి వింటున్నాడు. బుస లేదు, కీచూ లేదు. హాయిగా, మెత్తగా ఉంది.

"ఎక్కడే బుస? నాకు వినపడదేం?" అన్నాడు.

కిటికీ దగ్గర కూర్చుని రాగి తీగ చుడుతున్న భార్య తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. పెట్టెల్లో వేసే తీగచుట్టలన్నీ ఆమె చేతి పనే. కాసేపటికి లేచి దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, "ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతోంది" అంది. ఈమధ్య ఏం చెప్పాలన్నా ఆమె ఇలాగే దగ్గరికొచ్చి చెయ్యేసి చెబుతోంది. పెళ్ళైన కొత్తలో లేని ముచ్చట ఈ వయసులో మొదలైందని అతనికి లోలోపల గర్వంగానే ఉంటుంది. ఇవాళ మాత్రం విదిలించుకున్నాడు.

"ఆవిడకే వయసు మీదపడింది. చెవుల్లో హోరు పుట్టుంటుంది. మన మీదకి తోస్తోంది."

అతను వైర్లు మార్చాడు. ఆంప్లిఫయరు మార్చాడు. పెట్టెల్ని అటుదిటు, ఇటుదటు జరిపాడు. ఏం మార్చినా పాట మెత్తగానే ఉంది, అతనికేమో లోపల కుదుట పడటం లేదు. చివరికి ట్వీటరు ఒక్కటే పలికేలా మిగతావాటి తీగలు ఊడదీసి, సన్న మోత ఒకటి పెట్టి, చెవి ఆనించాడు.

నిశ్శబ్దం.

"దొరికింది," అన్నాడు సంబరంగా. "ట్వీటరు కాలిపోయిందే. అందుకే ఇంత గోల. టీచరమ్మ వినేది ఇంకేదో అయ్యుంటుంది."

అలా అంటూ వెనక్కి తిరిగాడు. భార్య రెండు చేతులతో చెవులు మూసుకుని కళ్ళు చిట్లించి ఉంది. పెట్టె పక్కన ఎప్పుడూ నిద్రపోయే పిల్లి బల్ల మీంచి దూకి, గుమ్మం దాటి పారిపోతోంది.

అతను మోత ఆపేశాడు. ఆమె చేతులు కిందికి దించింది. మళ్ళీ పెట్టాడు. ఆమె చేతులు పైకెళ్ళాయి. రెండో పెట్టెకి మార్చాడు. అదే నిశ్శబ్దం, అవే చేతులు.

"నాతో ఆటలాడుతున్నావా?" అన్నాడు, ఆడటం లేదని తెలిసే.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి భయమేసింది అతనికి. చెప్పులేసుకుని వీధిలోకి నడిచాడు.

ఎటు వెళ్తున్నాడో అతనికే తెలీదు. సందు మలుపులో ఒక సైకిలు మోచేతిని రాసుకుంటూ పోయింది. "ఇందాకట్నించి బెల్లు కొడుతూనే ఉన్నాను కదండీ," అని విసుక్కున్నాడు సైకిలాయన. పైన తీగ మీద ఒక చిన్న పిట్ట నోరు తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది. మెడ నొప్పి పుట్టేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పిట్టలు వీధిలో తగ్గిపోయాయని ఈమధ్య తనే అందరితో అంటున్నాడు.

తిరిగొచ్చేసరికి భార్య, పీకేసిన ఆ పాత రేకుని చెత్త డబ్బాలోంచి తీసి తుడిచి బల్ల మీద పెట్టింది. ఎర్రచుక్క మీట తిరిగే దారిలో సగానికి కాస్త ఇవతల ఉంది. అతను తిప్పింది ఆ చివరిదాకా.

"ఒక పని చేద్దాం," అంది ఆమె, ఎదురుగా నిలబడి. "ఆవిడొచ్చాక మీరు మీట తిప్పుతూ ఉండండి. నేను ఆవిడ వెనకాల నిలబడి వింటాను. కుదిరిన చోట కొంగు సర్దుకుంటాను. అక్కడ ఆపి, ఇదీ లెక్క అనండి. మూడో మనిషికి తెలీదు."

అతను కాదనలేదు. పరువు దక్కే దారి కనబడితే ఎవడు మాత్రం కాదంటాడు. కొత్త మీట ఒకటి తీసి పెట్టెకి కలిపాడు.

టీచరమ్మ వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చుంది. పాట మొదలైంది. భార్య వెనక్కెళ్ళి గోడకి ఆనుకుంది. పాముచెవి మీట మీద చెయ్యి పెట్టి తిప్పుతున్నాడు, కళ్ళు మాత్రం భార్య కొంగు మీదే ఉన్నాయి. పాట వినడం లేదు. ఒక్క ముక్క కూడా వినడం లేదు. ఇన్నేళ్ళలో ఒక పెట్టె ముందు కూర్చుని పాట వినకపోవడం అతనికిదే మొదలు. రేపటినుంచి ఇంతేనా, ప్రతి పెట్టె దగ్గరా కొంగు చూస్తూ కూర్చోవడమేనా అనిపించింది. అటు భార్య చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది.

అతను అక్కడ ఆపలేదు. మీట వదిలేసి లేచాడు.

"టీచరమ్మా, మీరొచ్చి తిప్పండి. మీకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఆపండి."

"అదేంటి మాస్టారూ, ఆ పనికేగా మీ దగ్గరికొచ్చింది."

"తిప్పండమ్మా."

ఆమె తిప్పింది. కాస్త ముందుకు, కాస్త వెనక్కి, మళ్ళీ ఓ వెంట్రుకవాసి ముందుకు. ఆపింది. పాముచెవి ఎర్రచుక్క రేకు తెచ్చి పక్కన పెట్టి చూశాడు. మీట మొన సరిగ్గా చుక్కకే గురిపెట్టి ఉంది.

"ఆ చుక్క నేనే పెట్టుకున్నా లెండి, ఎప్పుడో," అంది టీచరమ్మ. "ఇప్పుడు బుస లేదు. మీ చెవికెలా ఉంది?"

"నా చెవిని బైపాస్ చేసేశానమ్మా," అన్నాడు.

ఆవిడ నవ్వింది. అతను నవ్వలేదు.

"నిజమే చెబుతున్నా. సన్న మోత నాకు వినపడటం లేదు. అది ఇవాళే తెలిసింది. అందుకే మీ పెట్టెలు పాడుచేశాను."

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. పాముచెవి డ్రాయరు అడుగునుంచి మీటరు తీసి, బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టి, ఆవిడ ఆపిన చోటు కొలిచి, అంత రెసిస్టరూ వెతికి, టంకం వేశాడు. రెండో పెట్టెకీ అంతే. "తర్వాత ఏదైనా పాడైనా మీ దగ్గరికే తెస్తాను. విని చెప్పడానికి నేనున్నానుగా," అంది ఆవిడ వెళ్తూ.

ఇద్దరే మిగిలారు. భార్య మళ్ళీ కిటికీ దగ్గర తీగ చుట్టుకుంటోంది.

"నీకెప్పట్నించి తెలుసు?"

"కాలింగ్ బెల్లు మార్చమని మీ ప్రాణం తీశాను చూడండి. అప్పట్నించి."

"మరి చెప్పలేదేం?"

"బోర్డే రాయించుకున్నారాయె. ఏ నోటితో చెప్పను?"

అతను తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"అయితే దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి చెప్పడం, అదంతా నాకు వినపడదనేనా. నేనింకా ప్రేమనుకున్నాను."

ఆమె తీగ చుట్ట పక్కన పెట్టింది. లేచి, అతని దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసింది.

"ప్రేమ లేకపోతే అక్కణ్ణించే అరిచేదాన్ని," అంది.