పెద్దిరాజు గేర్‌బాక్స్ విప్పిన రోజు

పెద్దిరాజు గేర్‌బాక్స్ విప్పిన రోజున ఆ వీధిలో ఎవరూ తలుపులు పూర్తిగా వేసుకోరు. ఓరగా తీసి ఉంచి, కదలకుండా ఏ చెప్పో చీపురో అడ్డం పెడతారు. లోపలి ప్లేట్ల మధ్య అతను ఎంత గ్యాప్ పెడితే, ఆయిల్ పోసి మూసేదాకా వీధిలో తలుపులకీ, డబ్బాల మూతలకీ, ఆడవాళ్ళ గాజులకీ అంతే గ్యాప్. నూజివీడులో ఇదేమంత చెప్పుకునే విషయం కాదు. పొద్దున్నే పాలకు వెళ్తూ అతని మెకానిక్ షెడ్డులోకి తొంగిచూసి, ఇవాళ బిగువా వదులా అని అడిగి పోతారు, అంతే.

ఆ రోజు బల్ల మీదున్నది ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మామిడి వ్యాపారి పాండురంగారావు గారిది. ఎడమ మోకాలు అరిగి క్లచ్ తొక్కలేక, ఏరికోరి ఆ పెడలే లేని కారు కొనుక్కున్నాడాయన. అది కాస్తా మైలవరం రోడ్డులో ఎత్తు వచ్చేసరికి, ఇంజిన్ ఎంత అరిచినా ముందుకు కదలనని మొరాయించింది. చూస్తే సీజను, రసాలు చెట్ల మీద ఆగేలా లేవు, తోటల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఆయన షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, ఇంకా ఎంతసేపయ్యా అని పెద్దిరాజు ప్రాణం తోడేస్తున్నాడు.

పెద్దిరాజు ప్రాణం అప్పటికే సగం ఇంట్లో ఉంది. షెడ్డుకు ఆనుకునే ఇల్లు. కూతురు పూజితకు తాంబూలాలు పుచ్చుకోవడానికి బాపులపాడు నుంచి పెళ్ళికొడుకు రవికిరణ్, అతని తల్లి సుబ్బరత్నమ్మ వచ్చి కూర్చున్నారు.

పూజిత డిప్లొమా అయ్యాక తండ్రి దగ్గరే పనిలో దిగింది. ఆటోమేటిక్ బండి వస్తే లోపలి గ్యాపులు కొలిచేది ఆ పిల్లే. ఈ పెళ్ళికి ఒకే ఒక్క షరతు పెట్టింది, పెళ్ళయ్యాక కూడా ఈ పని మాననని. రవికిరణ్ ఫోన్‌లో ఓ, దానిదేముంది అనేశాడు. అంత తేలిగ్గా ఎలా అన్నాడా అని ఆమెకు నాటి నుంచీ కంటి మీద కునుకు లేదు. ఆ మాట నిజమో పైపై మాటో తేలకుండానే తాంబూలాల రోజు వచ్చేసింది. కొలత సగంలో ఉండగా తల్లి కృష్ణవేణి వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, గోళ్ళలో నలుపు పోయేదాకా తోమించి పట్టుచీర కట్టించింది.

ఇక పెద్దిరాజు ఒక్కడే మిగిలాడు. అతను ట్రాక్టర్ల మీద చెయ్యి తిరిగినవాడు. జారుతోందంటే అతనికి తోచేది ఒకటే, బిగించడం. పైగా పక్కన పాండురంగారావు గారి గోల. ప్లేట్ల కట్టను పట్టి ఉంచే రింగుల్లోంచి అన్నిటికన్నా మందమైనది ఏరి వేశాడు. గ్యాప్ కొలిచే సన్నటి రేకు లోపలికి దూరనంటే, మంచిదేగా అనుకున్నాడు.

వీధి వీధంతా బిగుసుకుంది. ఎదురింట్లో ఆవకాయ జాడీ మూత రాలేదు. కొట్లో గల్లాపెట్టె తెరుచుకోలేదు. అయినా అలవాటైన జనం, ఎవరికీ కంగారు లేదు. సుబ్బరత్నమ్మకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మామిడి లారీల దుమ్ము లోపలికి కొడుతోందని ఆవిడే లేచి వీధి తలుపు వేసి గడియ పెట్టి వచ్చింది. పెరటి తలుపు దడి కట్టినట్టు మామిడి బుట్టలతో ఎప్పుడో మూసుకుపోయింది.

కాసేపటికి రవికిరణ్ ఫోన్ మాట్లాడుకుందామని లేచి గడియ లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. చొక్కా కాలర్ గొంతుకు పట్టేసింది, చేతి గడియారం చర్మంలోకి దిగింది. తలుపును కాలితో తన్నాడు. కృష్ణవేణి నొచ్చుకుంటూ, గేర్‌బాక్స్ పని అవుతోంది బాబూ, కాసేపట్లో వచ్చేస్తుందని సర్దిచెప్పింది. స్వీట్ల పెట్టె మూత కూడా రాక, అందరూ చెమటలు కక్కుతూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

పూజిత ఉండబట్టలేక షెడ్డు వైపు కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, ఎంత మందం రేకు దూరుతోంది?"

"పాయింట్ త్రీ మిల్లీమీటర్ కూడా కష్టంగా ఉందమ్మా. జారుతోందన్నారుగా, బిగించాను."

"జారింది పాత ప్లేట్లు అరిగి నాన్నా, కొత్తవి వేశాంగా. వాటికి పట్టుకోవడమే కాదు, వదలడం కూడా రావాలి. ఖాళీ లేకపోతే ఊరికే రాసుకుని కాలిపోతాయి. ఆ రింగు తీసి సన్నది వెయ్యి, పాయింట్ ఎయిట్ రావాలి."

వెనక నుంచి రవికిరణ్ గొంతు లేచింది.

"ముందా కిటికీ దగ్గర్నుంచి ఇటు రా. పట్టుచీర కట్టుకుని ఈ మెకానిక్ మాటలేంటి? మా ఇంటికొచ్చాక గ్రీజు ముట్టుకున్నావంటే ఊరుకునేది లేదు."

సుబ్బరత్నమ్మ కొడుకు మోచెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెందుకురా ఆ మాట? పెళ్ళయ్యాక నిదానంగా చెబుదామనుకున్నాంగా."

ఆ ఇరుకు గదిలో ఆ మాట ఎవరి చెవినీ తప్పించుకోలేదు. పూజితకు అవమానంగా ఉంది, ఒళ్ళు మండుతోంది. కానీ ఇన్నాళ్ళూ కుదురు లేకుండా కొట్టుకున్న మనసు ఒక్కసారిగా నిమ్మళించింది కూడా.

కిటికీ అవతల పెద్దిరాజు కూడా విన్నాడు. మందపు రింగు ఊడదీసి, సన్నది వేసి నొక్కాడు.

ఎదురింట్లో జాడీ మూత చప్పుడైంది. వీధి తలుపు గడియ కృష్ణవేణి వేలు తగలగానే వచ్చేసింది. గదిలోకి గాలొచ్చింది. రవికిరణ్ కాలర్ సర్దుకుని, ఏమీ జరగనట్టు నవ్వి మళ్ళీ కూర్చున్నాడు. సుబ్బరత్నమ్మ, మంచి ఘడియ దాటకముందే కానిద్దాం వదినగారూ అంది.

"వద్దండీ" అని పూజిత షెడ్డులోకి వెళ్ళిపోయింది.

అందరూ కృష్ణవేణి వైపు తిరిగారు. ఈ సంబంధం కోసం చెప్పులరిగేలా తిరిగింది ఆవిడే. తాంబూలం పళ్ళెం చేతిలోనే ఉంది. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి లోపల పెట్టి, తిరిగొచ్చింది.

"ఎండ ముదరకముందే బయల్దేరండి వదినగారూ" అంది మెల్లగా.

వాళ్ళ కారు మలుపు తిరిగాక కృష్ణవేణి షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పాండురంగారావు గారు ఇంకా ఎంతసేపని అడుగుతూనే ఉన్నారు. పూజిత బల్ల మీదికి వంగి, ప్లేట్ల మధ్యకు రేకు దూర్చి చూస్తోంది. అది కాస్త పట్టీపట్టనట్టు సాఫీగా కదిలింది.

"కొంగు దోపుకోవే," అంది కృష్ణవేణి, "ఆయిలంటుకుంటుంది."