రేకు మీద పెనం

...ఎండ ఇంతలా మండిపోతుంటే కరెంటు పొంగిపొర్లాలి కదా, ఎవర్నడిగినా అదే చెబుతారు, మరి ఆ మీటరు ముల్లు ఎందుకలా చతికిలబడిందని నిచ్చెనెక్కి సోలార్ ప్యానెల్ తాకితే అరచెయ్యి చుర్రుమంది, పెనం, వట్టి పెనం, కింద రేకు, రేకుకి అతుక్కుని ప్యానెల్, మధ్యలో వేలు దూరే సందు లేదు, గాలికి ఎగిరిపోతాయి మరదలా, పోయినసారి గాలివానకి పక్కింటి రేకులు ఎక్కడ తేలాయో చూశావుగా అంటూ బావ బిగించాడు, స్క్రూ తిప్పినప్పుడల్లా కింద కూర్చున్న అక్క వైపు చూసి మీసం కూడా తిప్పాడు, పాపం ఆయనకేం తెలుసు, షాపువాడు ఇంత కరెంటొస్తుందని అట్ట మీద అంకె చూపించాడు, అది చల్లటి గదిలో కొలిచిన అంకె అని చెప్పాడా, వేడెక్కితే ఇవి నీరసిస్తాయని, కింద గాలి ఆడాలని, వేడికి తట్టుకునే రకం వేరే ఉందని చెప్పాడా, నిన్న వెళ్ళి నిలదీస్తే మీరు అడగలేదు కదమ్మా అన్నాడు, అడగాలంటే తెలియాలి కదరా దొంగా, తెలిస్తే నీ గుమ్మం ఎందుకు తొక్కుతాం, ఎండ ఎక్కడైనా ఎండేనమ్మా అని ఏసీ కింద కూర్చుని పళ్ళికిలించాడు,

ఎండేనట, మధ్యాహ్నం అయ్యేసరికి లైను కరెంటు పోతుంది, ఆ ఉక్కకే అక్కకి ఆయాసం ముంచుకొస్తుంది, ఆక్సిజన్ మిషను ఆగకుండా తిరగాల్సింది అప్పుడే, ఈ ప్యానెళ్ళు మూర్ఛపోయేదీ సరిగ్గా అప్పుడే, విప్పి కాస్త ఎత్తులో బిగిద్దాం బావా అంటే వానలు పడనీ, చల్లబడితే అవే సర్దుకుంటాయన్నాడు, అందాకా ఊపిరి ఆగుతుందా అని అడగలేకపోయాను,

అక్కా, మిషను ఎలా ఉందే అని పైనుంచే కేకేశాను, భేషుగ్గా ఉంది, మీ బావ పెట్టింది బాగోకుండా ఉంటుందా, నువ్వు ముందు దిగు, వడదెబ్బ తగిలితే నీకూ ఓ గొట్టం తగిలించాలి అని నవ్వింది, నవ్వు మధ్యలో దగ్గు, దగ్గు తర్వాత ఏమీ లేదు, ఏమీ లేకపోవడమేంటి, మిషను గుర్రుమనాలి కదా, కరెంటు చాలకపోతే కీచుమని మొత్తుకోవాలి కదా, దబదబా దిగి కిటికీలోంచి చూస్తే గొట్టం ముక్కుకే ఉంది, స్విచ్చి మాత్రం కట్టేసి ఉంది, అది మొత్తుకుంటే బావకి వినపడి చిన్నబుచ్చుకుంటాడని ముందే కట్టేసి, మంచంపట్టె గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో ఊపిరే చప్పుడు కాకుండా లాక్కుంటోంది, ఇవాళ కొత్తగా చేస్తున్నట్టు లేదు, చేతికి అలవాటైన పనిలా ఉంది, ఈ ఎండకి తగ్గ ప్యానెల్ మేమెవరమూ వెతకలేదు, అక్కే తన ఊపిరిని ఈ ప్యానెల్‌కి తగ్గట్టు కుదించుకుంది.