పక్క సీటు బరువు

ఎలోయ్ ఆర్చులేటా ఫార్మింగ్టన్ ఊరి చుట్టూ ఉన్న గ్యాసు బావుల దగ్గర ముప్పయ్యేళ్లుగా వెల్డింగు చేస్తున్నాడు. ఇనుముకీ ఇనుముకీ మధ్య అతుకు అతని చేతిలో పని. ఇంట్లో మాటకీ మాటకీ మధ్య అతుకే ఎప్పుడూ ఊడిపోతూ ఉండేది.

ఆ చలికాలం తన పాత పికప్పుకి ముందు చక్రాలు దేనికవి ఆడే అమరిక పీకేసి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే గట్టి ఇరుసు వేయాలనుకున్నాడు. సెలవు రోజుల్లో సరదాకి కొండరాళ్లెక్కే బండికి అదే బలం. ఇరుసు దొరికింది, ఇరకాటం మొదలైంది. దాని మీద బండిని కమాను పట్టీలతో నిలబెట్టాలా, చుట్ట స్ప్రింగులతోనా?

శనివారం షెడ్డులో స్నేహితుల సభ కూడింది. బావమరిది డెల్ఫీనో పచ్చిమిరప బరీటో రొట్టెచుట్ట నములుతూ తీర్పు చెప్పాడు.

"కమాన్లే వెయ్యి బావా. విరిగితే కొండమీదే అతికేసుకోవచ్చు. చుట్టలైతే ఇరుసుని పట్టి ఉంచడానికి కడ్డీలు, ఆ కడ్డీలకి కోణాలు. అవన్నీ కుదిరేలోపు నీకు పింఛనొస్తుంది."

"చుట్టలు కాల్చడానికేరా, రాళ్లెక్కడానికి కాదు!" అన్నాడు ఎలోయ్. షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు.

కాఫీ తెచ్చిన అతని భార్య బెర్నడెట్ గుమ్మంలో నిలబడింది. "ఏదో ఒకటి వేసుకో గానీ, నా నడుం కాస్త గుర్తుపెట్టుకోవయ్యా."

"నీ నడుం నాకు గుర్తులేకపోతే ఇంకెవరికి గుర్తుంటుందే!"

మళ్లీ నవ్వులు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుల్లో ఆమె మాట కొట్టుకుపోయింది.

ఇరవై రెండేళ్లుగా ఆ పక్క సీటు ఆమెది. రాళ్లు రాగానే దిగి, బండికి ఎదురుగా నిలబడి, ఏ చక్రం ఎటు తిప్పాలో వేళ్లతో చూపేది. పిడికిలి ఎత్తితే ఆగమని. ఎలోయ్ రాళ్లను చూసేవాడు కాదు, ఆ వేళ్లను చూసేవాడు.

స్నేహితుల బండ్లు రెండు తెచ్చి, రెండూ తనే నడిపి చూశాడు. చుట్టల బండి కాస్త ఊగింది, కమాన్ల బండి నిక్కచ్చిగా నిలబడింది. కమాన్లే ఖాయం చేశాడు. మళ్లీ ఊడదీసే పని లేకుండా రెండేసి వరసలు వెల్డింగు పోశాడు.

వసంతంలో రాళ్లదారులుండే చోక్‌చెర్రీ లోయకి మొదటిసారి వెళ్లినప్పుడు బెర్నడెట్ దారంతా తలుపు పిడి వదల్లేదు. రెండోసారి ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని, రెండో చేత్తో దారి చూపింది. మూడోసారి, "ఇంట్లో పనుంది, నువ్వూ డెల్ఫీనో వెళ్లండి" అంది. పనే అనుకున్నాడు ఎలోయ్. ఆ తరవాత ఆమెకి వారం వారం పనే. ఎదురుగా డెల్ఫీనో నిలబడేవాడు. వాడి కుడి ఎడమలు వాడికే తెలియవు.

శరదృతువులో ఎలోయ్ కంట్లో ఇనుప రజను పడింది. కంటికి గుడ్డ కట్టుకుని, బండి డెల్ఫీనోకి ఇచ్చి, జీవితంలో మొదటిసారి తన బండిలో తను పక్కన కూర్చున్నాడు. అలలు తేలిన మట్టిదారి నాలుగు మైళ్లు. ప్రతి అల కుదుపూ సీటులోంచి ఎక్కి మెడ వెనక దిగింది. స్టీరింగు చేతిలో ఉన్నవాడికి పట్టుంటుంది. పక్కనున్న మనిషికి పట్టేసిన నడుమే మిగులుతుంది.

"ఆపరా."

"ఏం బావా, ఏదైనా విరిగిందా?"

"నేనే విరగ్గొట్టాను."

ఆ చలికాలమంతా తన వెల్డింగు తనే కోశాడు. కడ్డీలు కొలిచాడు, కోణాలు కలిపాడు, చుట్టలు వేశాడు. పక్క సీటు మీద బెర్నడెట్ బరువుకి సరిపడా ఇసక బస్తాలు పెట్టి మరీ స్ప్రింగుల మెత్తదనం సరిచూశాడు. మార్చిలో పని పూర్తయ్యింది. ఇంట్లోకి పరిగెత్తాడు.

"పద బెర్నీ, లోయకెళ్దాం!"

ఆమె చేతులు తుడుచుకుంది. "డాక్టరు ఇక వద్దన్నాడయ్యా. రోడ్డయితే ఫరవాలేదుట. రాళ్లదారి మాత్రం ఎప్పటికీ వద్దుట."

"ఎప్పుడన్నాడు?"

"జనవరిలో. నువ్వు అంత ఇష్టంగా చేస్తుంటే చెప్పబుద్ధి కాలేదు."

ఎలోయ్ ఆమెని షెడ్డుకి తీసుకెళ్లాడు. ఎక్కడానికి పీట తెచ్చి బండి పక్కన వేశాడు. ఆమె మెల్లగా ఎక్కి, కాఫీ కప్పుతో తన సీటులో కూర్చుంది. అతను ముందుకొచ్చి బంపరు మీద కాలు వేసి నొక్కాడు. బండి నిదానంగా దిగి, నిదానంగా లేచింది. కాఫీ తొణకలేదు.

"మెత్తగా ఉందయ్యా," అంది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ, మళ్లీ నొక్కాడు, పోయినేడాదంతా ఆ కాలి కింద వెనక్కి వస్తుందన్నట్టు.

బండి ముందద్దం వెనక బెర్నడెట్ పిడికిలి ఎత్తింది.

ఎలోయ్ కాలు తీసేశాడు.